కోటేశ్వరి చెప్పిన అరవై

కోటేశ్వరి ఏం ఉద్యోగం చేస్తుందో ఎన్నిస్‌లోని తెలుగువాళ్లలో సగం మందికి తెలియదు. మిగిలిన సగం మందికీ తప్పుగా తెలుసు. ఆ పుణ్యం ఆమె భర్త మహీధర్‌ది. ఎవరడిగినా "ఏదోలెండి, డేటా వర్కు, ఇంట్లోంచే" అని మాట తుంచేసి వాతావరణం మీదికి మళ్లించేవాడు. ఐర్లండులో వాతావరణానికి కొదవ లేదు కాబట్టి మాట ఎప్పుడూ అక్కడే ఆగిపోయేది. పెళ్లాం పందేలకు సంబంధించిన కంపెనీలో పనిచేస్తోందని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

నిజానికి అది పందేలు కట్టించుకునే కంపెనీ కూడా కాదు. పందెం కాసేవాళ్లు చదువుకునే ఒక వెబ్‌సైటు. ఏ ఆటలో ఎవరు గెలవొచ్చు, ఏ బుకీ ఎంత రేటు ఇస్తున్నాడు, ఆ రేటు సబబేనా అని రాసిపెడుతుంది. అందులో అమెరికా బాస్కెట్‌బాల్ లీగు కోటేశ్వరి వాటా. ఆ లీగులోనూ ఒక్క సంగతి పూర్తిగా ఆమెకే వదిలేశారు. ఏటా మేటి ఆటగాడికిచ్చే అవార్డు ఈసారి ఎవరికొస్తుంది? అక్టోబరులో సీజను మొదలైనప్పటి నుంచి మే నెలలో అవార్డు ప్రకటించేదాకా ఆ పేజీ ఆమెది. కింద చిన్న అక్షరాల్లో ఆమె పేరు కూడా ఉండేది. ఆ చిన్న అక్షరాలను ఆమె ఎన్నిసార్లు చూసుకుందో ఆమెకే సిగ్గు.

సిగ్గెందుకో గానీ. ఆమె తెనాలిలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పిన మనిషి. మహీధర్‌కి ఎన్నిస్ పక్కనున్న షానన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే చంకన పిల్లనేసుకుని వెంట వచ్చింది. వచ్చిన కొన్నేళ్లు ఆమెకి పనిచేసే అనుమతి లేదు. అనుమతి వచ్చేసరికి అలవాటు పోయింది. "మీరేం చేస్తుంటారు?" అని ఎవరైనా అడిగితే "ఇంట్లోనేనండీ" అని చెప్పడానికి నాలుక అరిగిపోయింది. అలాంటి మనిషికి నలభై దాటాక ఈ పని దొరికింది. ఇంటర్వ్యూ చేసిన ఐలీన్ అనే ఆవిడ, తర్వాత ఆమెకి మేనేజరు, మొదటే అడిగింది: బాస్కెట్‌బాల్ చూస్తావా? చూడనని నిజం చెప్పేసింది కోటేశ్వరి. ఇక రాదులే అనుకుని లేవబోతుంటే ఐలీన్ నవ్వింది. చూసేవాళ్లందరికీ ఏదో ఒక జట్టు మీద ప్రేమ ఉంటుందట. అది లేని మనిషే ఆమెకి కావాలట.

పొద్దున్నే మహీధర్ కారు సందు దాటేది, కూతురు నిఖిల స్కూలుకి పోయేది. ఇల్లు సద్దుమణిగాక కోటేశ్వరి టీ కప్పుతో లాప్‌టాప్ ముందు కూర్చునేది. ఐర్లండు నిద్రపోతుండగా అమెరికాలో ఆటలన్నీ అయిపోయి ఉండేవి. ముందు బుకీల రేట్లు చూసేది. రెండు యూరోలు కాస్తే గెలిచినప్పుడు ఒకటే లాభం ఇస్తామన్నారంటే ఆ ఆటగాడి మీద వాళ్లకి బాగా నమ్మకమున్నట్టు. ఆ రేటుని శాతంలోకి మార్చి, బుకీ తన లాభం కోసం కలుపుకున్న వాటాని తీసేసి, మిగిలిన అసలు అంకె రాసుకునేది. అది ఎవరైనా చేస్తారు. కోటేశ్వరి సొంత తెలివి ఆ తర్వాత మొదలయ్యేది.

ఆ అవార్డు ఇచ్చేది ఆటల విలేకరులు. ఓట్లేసి ఇస్తారు. కాబట్టి ఆటగాళ్లని చదవడం కంటే ఓటేసేవాళ్లని చదవాలని ఆమె మొదటి ఏడాదే కనిపెట్టింది. వాళ్ల రాతలు చదివేది. వంట చేసుకుంటూ, బెండకాయలు తరుక్కుంటూ వాళ్ల కబుర్లు వినేది. ఎవరికి ఎవరి మీద మోజు, ఎవరు ఎవరి పేరు వింటే విసుక్కుంటున్నారు, నిరుడు ఓటేసినవాడికే మళ్లీ వెయ్యడానికి ఎవరికి మనసొప్పడం లేదు, ఇదీ ఆమె పరిశోధన. పెళ్లిళ్లలో ఒక మూల కూర్చుని ఎవరికి ఎవరితో చెడిందో పసిగట్టే పెద్దమ్మలుంటారు చూడండి, ఆ విద్యే. దానికి ఇక్కడ జీతమిచ్చారు.

ఇంత పని చేస్తున్నా ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తేవాళ్లు కాదు. నిఖిల మాత్రం స్కూలు జట్టులో బాస్కెట్‌బాల్ ఆడుతుంది కాబట్టి అప్పుడప్పుడు "మామ్, యూ నో మోర్ దాన్ అవర్ కోచ్" అని నవ్వేది. మహీధర్‌కి ఆ జీతం బ్యాంకులో పడ్డప్పుడు అభ్యంతరం లేదు, నలుగురిలో ఆ పేరెత్తితేనే తల కొట్టేసినట్టుండేది. ఆ మధ్య లక్ష్మీపూజకి పిలిచినచోట ఎవరో ఆవిడ "పందేల డబ్బు పూజకి పనికొస్తుందా?" అని నవ్వుతూనే అంది. ఇంటికొచ్చాక మహీధర్ వారం రోజులు మొహం ముడుచుకున్నాడు. ఆవిడ మీద కాదు, కోటేశ్వరి మీద.

అలాంటి మనిషి మార్చి నెలలో ఒక సాయంత్రం అన్నం తింటూ అడిగాడు. "ఈసారి ఎవరికొస్తుందంటావ్, నీ అవార్డు?"

నీ అవార్డు అన్నాడు! కోటేశ్వరి చేతిలో గరిటె ఆగిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె లోపల ఏం నడుస్తోందో తెలుసుకోవాలని అతను అడగడం అదే మొదలు. ఆమె అలాగే అనుకుంది. పిచ్చి మొహం. ఎదురుగా కూర్చుని మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. అందరికంటే ముందున్న ఆటగాడికి తన లెక్కలో అరవై శాతం వచ్చిందని, ఆ అంకె వారాంతానికి పేజీలో పెడతానని చెప్పింది.

"అరవై అంటే ఏంటో తెలుసా అండీ? ఇదే సీజను పదిసార్లు జరిగిందనుకోండి. ఆరుసార్లు ఇతనికొస్తుంది, నాలుగుసార్లు ఇంకోడికి పోతుంది. నాలుగంటే తక్కువేం కాదు. పైగా ఇతనికి ఇప్పటికే రెండుసార్లు ఇచ్చారు. మళ్లీ ఇతనికేనా అని ఓటేసేవాళ్లు గొణుక్కుంటున్నారు."

"అరవై అంటే ఫస్ట్ క్లాసే!" అన్నాడు మహీధర్ పెరుగు కలుపుకుంటూ.

ఆమె పడీపడీ నవ్వింది. మొగుడు జోకేశాడనుకుంది. అది జోకు కాదు. మన దేశంలో బడికెళ్లిన ప్రతివాడి బుర్రలోనూ ముప్పై అయిదు పాసు, అరవై ఫస్ట్ క్లాసు అని పచ్చబొట్టు పొడిచేసి ఉంటుంది. ఫస్ట్ క్లాసొచ్చినవాడు తప్పడమనేది ఉండదు. ఆ మార్కులు ఏళ్ల తరబడి స్వయంగా వేసిన పంతులమ్మకే ఆ సంగతి తట్టలేదు. ఆమె ఇంకా ఓటర్ల విసుగు గురించి చెబుతూనే ఉంది. అతను ఫోను తీసి వీడియోలు చూసుకుంటున్నాడు. అయినా ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే ఆమెకి హాయిగా ఉంది. ఆ తర్వాత కూడా అతను ఒకటి రెండుసార్లు "ఇంకా అరవయ్యేనా?" అని అడిగాడు. ఆమె సంతోషంగా చెప్పింది.

మే నెలలో అవార్డు ప్రకటించారు. ముందున్నవాడికి రాలేదు. రెండో స్థానంలో ఉన్నవాడికి వచ్చింది.

కోటేశ్వరికి అందులో వింతేమీ కనిపించలేదు. నాలుగుసార్లు అన్నది ఇదే కదా. పైగా ఓటర్లు విసిగిపోయారని ఆమె ముందే రాసింది కాబట్టి ఐలీన్ మెచ్చుకుంది. వచ్చే ఏడు ఇంకో రెండు అవార్డుల పేజీలు కూడా చూస్తావా, జీతం పెంచుతామని అడిగింది. ఆ శనివారం కోటేశ్వరి మంచి హుషారులో ఉండి పెసరట్లకి పిండి రుబ్బింది. పిండి గిన్నెలోకి తీస్తుండగా బెల్లు మోగింది.

గుమ్మంలో మధులిక, వెనకాల ఆమె మొగుడు శశికాంత్. వరంగల్ వైపువాళ్లు. శశికాంత్, మహీధర్ ఒకే కారులో రోజూ షానన్‌కి పోయొస్తుంటారు, ఒక వారం ఇతని కారు, ఒక వారం అతని కారు. అన్నా అంటే అన్నా అనుకునే స్నేహం. శశికాంత్ వాళ్లు అద్దెలు కట్టీ కట్టీ అలిసిపోయి ఒక చిన్న ఇల్లు చూసుకున్నారు, బ్యాంకు కూడా సరేనంది. వచ్చే నెలలో సంతకాలు. కోటేశ్వరి అదే అనుకుని "రండి రండి, ఇల్లు ఎంతవరకొచ్చింది?" అని ఎదురెళ్లింది.

మధులిక కూర్చోలేదు.

"అక్కా, నేను లొల్లి పెట్టుకుందామని రాలే. ఒక్క మాట అడుగుత, సక్కగ చెప్పు. గా బాస్కెట్‌బాల్ అవార్డు గాయనకే వస్తదని మా ఆయనకు నువ్వే చెప్పినవా?"

"నేనా? ఏం జరిగింది మధూ?"

"ఏం జరిగిందా? ఇంటికోసం కూడబెట్టిందంత పెట్టిండక్కా దాని మీద! నాకు చెప్పకుంట. ఒకటికి ఒకటిన్నర చేస్త, పెద్దిల్లు తీసుకుంటనని. నిన్న బ్యాంకోళ్లు పైసలు చూపియ్యమంటే బయటపడ్డది. అడిగితే వదినోళ్ల లెక్కల అరవై వచ్చింది, ఫస్ట్ క్లాసు, పక్కా అంటడు. కళ్లు మూసుకుని పెట్టిండట! పిల్లలు కొత్తింట్ల ఎవరి రూము ఎవరిదని గీతలు గీసుకుంటున్నరక్కా."

ఫస్ట్ క్లాసు అన్న మాట కోటేశ్వరి చెవిన పడింది. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. ఆ మాట ఎవరిదో ఆమెకి తెలుసు. తిరిగి మొగుడి వైపు చూసింది. మహీధర్ వంటింటి అలమర తలుపు తీసి నీళ్లకి గ్లాసులు వెతుకుతున్నాడు. గ్లాసులు అతని కళ్లెదుటే బారులు తీరి ఉన్నాయి.

శశికాంత్ వైపు చూసింది. అతను నోరు తెరిచాడు, అలమర దగ్గర నిలబడ్డ మనిషి వీపు చూశాడు, నోరు మూసేసుకున్నాడు. కారులో పక్కనే కూర్చునే మనిషి చెప్పాడంటే భార్య కొట్టినంత పనిచేస్తుంది. లెక్కలు తెలిసిన వదిన చెప్పిందంటే కొంచెం మర్యాదగా ఉంటుంది. అందుకని ఇంట్లో అలా చెప్పుకున్నాడు. ఇప్పుడు వెనక్కి తీసుకునే దారి లేదు.

"చెప్పక్కా. చెప్పినవా, లేదా?"

లేదు అంటే అయిపోయేది. మా ఆయనకి చెప్పాను, ఆయన దాన్ని మీ ఆయన చెవిలో వేశాడు, నాలుగుసార్లన్న మాట దారిలో పారేశాడు అంటే అయిపోయేది. కానీ పరాయివాళ్ల ఎదుట మొగుణ్ణి తలదించుకునేలా చేయకూడదనేది కోటేశ్వరికి ఎవరూ నోటితో నేర్పలేదు. వాళ్లమ్మ, పిన్నులు, మేనత్తలు చేస్తుంటే చూస్తూ పెరిగింది. అది ఒంట్లో ఇంకిపోయింది. ఇంకో ఆశ కూడా ఉంది. తను మీద వేసుకుంటే అతను వేసుకోనివ్వడని, ఒక్క క్షణంలో వెనక్కి తిరిగి "కాదు మధూ, చెప్పింది నేను" అంటాడని. ఆ సందు అతనికివ్వడానికే ఆమె ఆ మాట అంది.

"నేనే చెప్పాను మధూ."

అని ఆగింది. వంటింటి వైపు చూస్తూ ఆగింది.

మహీధర్ గ్లాసులతో వచ్చాడు. బల్ల మీద పెట్టాడు. పెద్ద నిట్టూర్పు విడిచాడు. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నానమ్మా, ఈ ఉద్యోగం మనకొద్దని. వింటేగా."

మధులిక ఏదో అంటోంది, ఏడుస్తోంది, ఆడదానివై ఉండి ఇంకో ఆడదాని ఇల్లు కూల్చావంటోంది. శశికాంత్ చెప్పులేసుకుంటూ ఒక్కసారి తలెత్తి చూసి మళ్లీ దించేసుకున్నాడు. తలుపు మూసుకున్నాక మెట్ల మీద నిఖిల కనిపించింది. పదిహేనేళ్ల పిల్ల, అంతా విన్నది.

"మామ్, వై డిడ్ యూ సే దట్? ఇట్ వాజ్ డాడ్. హి వాజ్ ఆన్ ద ఫోన్ టు శశి అంకుల్, ఐ హర్డ్ హిమ్."

"నీకెందుకే. పోయి చదువుకో" అంది కోటేశ్వరి. ఆ కసురు పడాల్సింది పిల్ల మీద కాదు.

అంతటితో ఆగినా బతికిపోయేది. మధులిక కడుపుమంట చల్లారలేదు. ఎందుకు చల్లారుతుంది? వెబ్‌సైటులో కోటేశ్వరి పేరు వెతికి పట్టుకుని కంపెనీకి రాసింది. మీ మనిషి మా ఆయనకి ముందుగా అంకె చెప్పి పందెం కాయించిందని. పేజీలో పెట్టకముందే అంకెలు పందెం కాసేవాళ్లకి చెప్పకూడదని ఉద్యోగంలో చేరినప్పుడు కోటేశ్వరి సంతకం పెట్టింది. ఐలీన్ వీడియోలో మాట్లాడాలని కబురు పెట్టింది.

ఆ పొద్దున మహీధర్ ఆఫీసుకి పోలేదు. భార్య చుట్టూ తిరిగాడు, టీ కూడా పెట్టిచ్చాడు. చివరికి అసలు మాట బయటపెట్టాడు.

"కోటీ, ఎట్టాగూ ఒకసారి అనేశావు గదా. ఆ మాట మీదే ఉండు. ఇప్పుడు మార్చావనుకో, ఆ ఐలీన్ మధులికకి చెబుద్ది, శశిగాడి కాపురం మళ్లీ రచ్చకెక్కుద్ది. నేను వాడితో రోజూ ఒకే కార్లో పోవాలా వద్దా?"

"మరి నా ఉద్యోగం?"

"అబ్బా, అదేమన్నా కలెక్టరు ఉద్యోగమా? ఇంకోటి చూసుకోవచ్చులే."

అతను బల్లకి అటువైపు, కెమెరాకి కనపడకుండా కూర్చున్నాడు. తెరమీద ఐలీన్ మొహం పీక్కుపోయి ఉంది. ఆమె మంచిది. ఇంట్లో భర్తతో కబుర్లు చెప్పుకుంటాం, అదేమీ నేరం కాదు, అలా ఎక్కడో జారిపోయి ఉంటే నాకు చెప్పు, నేను పైవాళ్లతో మాట్లాడతాను అని చెయ్యి పట్టుకుని నడిపించినట్టు దారి చూపించింది. చివర్లో మాత్రం అడగాల్సిన తీరులోనే అడిగింది. ఆ మనిషికి అంకె నువ్వే ఇచ్చావా?

బల్లకి అటువైపు మహీధర్ రెండు చేతులూ జోడించాడు. కోటేశ్వరికి అసహ్యం వేసింది. ఆ చేతులు శనివారం నాడు నీళ్ల గ్లాసులు మోసినప్పుడు ఎందుకు జోడించలేదో అడగాలనిపించింది. అడిగితే ఐలీన్‌కి వినపడుతుంది.

"యెస్" అంది.

ఐలీన్ లాప్‌టాప్ వెనక్కి పంపే పద్ధతి చెప్పింది. చాలా బాధగా ఉంది అని కూడా అంది, అది నిజంగానే అంది. అంత తెలివిగా ఓటర్లని చదివిన మనిషి ఇలా ఎలా చేసిందో ఆమెకి అర్థం కాలేదు. కోటేశ్వరి లోకంలో ఎంతమంది విలేకరుల మనసు కనిపెట్టిందో లెక్కలేదు. ఒకే కంచం ముందు కూర్చుని తినే మనిషి ఎందుకు అడుగుతున్నాడో మాత్రం కనిపెట్టలేకపోయింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకి మొగుడి మీద కంటే తన మీదే ఎక్కువ ఒళ్లు మండేది.

పేజీ కింద చిన్న అక్షరాల్లో ఇంకెవరి పేరో వచ్చింది. ఎన్నిస్‌లో తెలుగువాళ్లందరికీ ఆమె ఏం పని చేసేదో ఆమె మానేశాకే తెలిసింది. ఒకరిద్దరు వాట్సాప్‌లో పలకరించడం మానేశారు. ఎదురుపడ్డ ఆడవాళ్లు "పోన్లెండి, ఇప్పుడు ప్రశాంతంగా ఉంది కదా" అనేవాళ్లు. మహీధర్‌కి మాత్రం జాలి దొరికింది, పాపం అంత నెమ్మదస్తుడికి ఇలాంటి తలనొప్పి వచ్చిందే అని. అతను ఆ జాలిని వద్దనలేదు. శశికాంత్, అతను మళ్లీ ఒకే కారులో షానన్ పోయొస్తున్నారు. శశికాంత్ వాళ్లు ఆ ఇల్లు వదులుకుని ఆ అద్దె ఇంట్లోనే ఉండిపోయారు. దారిలో మధులిక ఎదురైతే కోటేశ్వరి తలవంచుకుని పక్కకి తప్పుకునేది. చెయ్యని తప్పుకి తలవంచడం కూడా కొన్నాళ్లకి అలవాటైపోతుంది.

అక్టోబరులో ఒక ఆదివారం బియ్యం, పప్పులు తెచ్చుకోవడానికి మొగుడూ పెళ్లాలిద్దరే గాల్వే బయలుదేరారు. వాన. నిఖిల ఇంట్లోనే ఉండిపోయింది, ఆ మే నెల నుంచి ఆ పిల్ల తండ్రి కారెక్కడానికి ఏదో ఒక వంక చెబుతోంది. మహీధర్ మంచి ఉత్సాహంలో ఉన్నాడు. కాసేపు పాటలు పెట్టాడు, కాసేపు ఆపాడు. ఊరు దగ్గరపడుతుంటే ఎంతో లాలనగా అన్నాడు.

"కోటీ, నీకో మాట చెప్పనా? నువ్వు ఆ రోజు శశికి అట్టా చెప్పకుండా ఉండాల్సింది. పోన్లే, అయిందేదో అయిపోయింది. నేనేం మనసులో పెట్టుకోలేదు."

కోటేశ్వరి గిర్రున తిరిగి అతని మొహం చూసింది. కారులో మూడో మనిషి లేడు. వినేవాళ్లు లేరు, కాపాడుకోవాల్సిన పరువు లేదు, చేతులు జోడించాల్సిన పనీ లేదు. ఎక్కడైనా కొంటెతనం ఉందేమో, దొంగచూపు ఉందేమో అని వెతికింది. ఏమీ లేదు. ఆ మొహం నిర్మలంగా ఉంది. అతను నిజంగానే ఆమెని క్షమిస్తున్నాడు. అతని కోసం ఆమె ఆడిన అబద్ధాన్ని అతను నలుగురికీ చెప్పీ చెప్పీ నమ్మేశాడు. ఇన్నాళ్లూ ఆమె తన త్యాగం కనీసం అతనికైనా తెలుసుననుకుని, ఆ ఒక్కదాని మీదే నిలబడింది.

"నేను శశికి ఏమీ చెప్పలేదండీ" అంది. "నేను చెప్పింది మీకు."

మహీధర్ చిన్నగా నవ్వాడు, చిన్నపిల్ల పేచీ పెడితే నవ్వినట్టు.

"సర్లేవే. ఇంకా ఎందుకు ఆ గోల" అని, గాల్వే వైపు తిరగడానికి ఇండికేటర్ వేశాడు.